చేతిలో ఉన్న రెండున్నర గంటలు



దగ్గర్లో బడి పిల్లలుంటే ఒక కాగితం, పెన్సిలు తెచ్చుకోమనండి. ముందు ఒక లెక్క చేద్దాం. సునామీ అల సముద్రంలో ఎంత వేగంతో పోతుందో చెప్పే సూత్రం చాలా చిన్నది. నీటి లోతు ఎన్ని మీటర్లో తీసుకుని, దాన్ని పదితో హెచ్చవేసి, వచ్చినదానికి వర్గమూలం కట్టాలి. సెకనుకు ఎన్ని మీటర్ల వేగమో తేలిపోతుంది. బంగాళాఖాతం నడిమధ్య లోతు సుమారు 3,000 మీటర్లు అనుకుందాం. పదితో హెచ్చిస్తే 30,000. దాని వర్గమూలం 173 చిల్లర. అంటే గంటకు 620 కిలోమీటర్ల పైమాటే. పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖపట్నానికి సుమారు 1,200 కిలోమీటర్లు. భాగించండి. దాదాపు రెండు గంటలు వస్తుంది. ఒడ్డు దగ్గరికి వచ్చేకొద్దీ లోతు తగ్గుతుంది, లోతుతో పాటు వేగమూ తగ్గుతుంది. 10 మీటర్ల లోతుకు అదే సూత్రం వేసి చూడండి, గంటకు 36 కిలోమీటర్లకు పడిపోతుంది. దానికోసం ఇంకో అరగంట కలుపుకోండి. మొత్తం రెండున్నర గంటలు.

ఇప్పుడు ఈ లెక్కను జరిగినదాని పక్కన పెట్టి చూద్దాం. 2004 డిసెంబరు 26, ఆదివారం. ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దీవి పక్కన, సముద్రం అడుగున భూమి కంపించింది. తీవ్రత 9.1. చీలిక అక్కడితో ఆగలేదు. నికోబార్, అండమాన్ దీవుల పొడవునా ఉత్తరానికి దాదాపు 1,300 కిలోమీటర్లు పాకింది. విశాఖ, చెన్నై రేవుల్లో నీటిమట్టం కొలిచే పరికరాలు అల రాకను ఉదయం 9 గంటలు దాటిన తర్వాత నమోదు చేశాయి. మన లెక్క సరిపోయింది.

సరిపోయింది కాబట్టే ఆ రోజు గుర్తొస్తే నాకు బాధ కంటే కోపమే ఎక్కువ వస్తుంది. 14 దేశాల్లో 2 లక్షల 25 వేల మందికి పైగా పోయారు. మన దేశంలో 10 వేల మందికి పైగా. తమిళనాడులో నాగపట్నం జిల్లా ఒక్కటే 6 వేల మందికి పైగా కోల్పోయింది. మన రాష్ట్రంలో నూరు మంది పైచిలుకు. ఆ రోజు పౌర్ణమి. సముద్ర స్నానానికి వెళ్లినవాళ్లున్నారు, ఇసుకలో ఆడుకుంటున్న పిల్లలున్నారు, వలలు సరిచేసుకుంటున్న పెద్దలున్నారు. పొద్దున్నే భూమి కాస్త అదిరిందని మన తీరంలోనూ చాలామంది గమనించారు. మంచాలు కదిలాయి, గిన్నెలు చప్పుడు చేశాయి. ఆ అదురుకూ ఎదురుగా ఉన్న సముద్రానికీ సంబంధం ఉందని చెప్పేవాళ్లు లేరు. రెండున్నర గంటలు చేతిలో ఉన్నాయి. ఉన్నాయని ఎవరికీ తెలియదు.

ఆ సమయాన్ని ఎలా వాడుకోవాలో బడి పిల్లలకు నేర్పడం గురించే ఈ రోజు నా ప్రసంగం. భూగోళం పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి మధ్యలో కాస్త మాస్టారు ధోరణి దొర్లితే క్షమించండి.

పుదుచ్చేరి పక్కన నల్లవాడు అని ఒక మత్స్యకార గ్రామం ఉంది. ఆ ఊరివాడొకడు సింగపూర్‌లో పనిచేస్తున్నాడు. అక్కడ టీవీలో వార్త చూసి ఇంటికి ఫోను చేశాడు. ఇంట్లోకి నీళ్లు వస్తున్నాయని చెల్లెలు చెప్పింది. వెంటనే పరిగెత్తండి, కేకలు వేసి అందరికీ చెప్పండి అన్నాడు. ఊళ్లో స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు పెట్టిన సమాచార కేంద్రం ఒకటి ఉంది. అందులో మైకు ఉంది. చేపల ధరలు, సముద్రం పోటు ఎలా ఉందో రోజూ చెప్పే మైకు. కేంద్రం తలుపు పగలగొట్టి లోపలికి వెళ్లి, ఆ మైకులోనే ఊరంతటికీ హెచ్చరిక చెప్పారు. ఇళ్లు పోయాయి, పడవలు పోయాయి. మూడున్నర వేల పైచిలుకు జనాభాలో ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు. చూడండి, ఆ హెచ్చరిక ఏ ప్రభుత్వ కార్యాలయం నుంచీ రాలేదు. ఒక ఫోను, ఒక మైకు, చెప్పగానే కదిలిన జనం. ఈ మూడింటిలో మూడోది ఉండటం ఎంత అరుదో బడిలో పనిచేసినవాళ్లకు బాగా తెలుసు. గంట కొట్టగానే వరుసలో నిలబడే పిల్లలు కూడా, పరిగెత్తమంటే ముందు పక్కవాడి మొహం చూస్తారు.

అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది. 2007 అక్టోబరు నుంచి హైదరాబాదులో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. ఇన్‌కాయిస్ అనే సంస్థలో ఉంది అది. సముద్రం జాడ కూడా కనపడని ఊళ్లో కూర్చుని హిందూ మహాసముద్రం మొత్తాన్నీ రాత్రింబవళ్లు కనిపెడుతున్నారు. ఎక్కడ పెద్ద భూకంపం వచ్చినా పది నిమిషాలు అటూఇటూగా వాళ్లకు తెలిసిపోతుంది. సముద్రం అడుగున పెట్టిన పరికరాలు పైనున్న నీటి బరువులో వచ్చే మార్పును బట్టి అల పుట్టిందీ లేనిదీ చెబుతాయి. మన తెలుగు నేల మీద ఇంత పని జరుగుతోందని తీరంలోని ఎన్ని బడుల్లో చెబుతున్నారు? హైదరాబాదు వెళ్లే విహారయాత్రలో చార్మినారు, జంతుప్రదర్శనశాల ఎలాగూ ఉంటాయి. ఈసారి తీరం బడుల మాస్టార్లు ముందుగా అనుమతి అడిగి ఆ కేంద్రానికి కూడా పిల్లల్ని తీసుకెళ్లే ప్రయత్నం చేస్తే బాగుంటుంది.

అయితే ఆ కేంద్రం పని హెచ్చరిక పంపడం వరకే. అది జిల్లా కలెక్టరుకు చేరి, మండలానికి చేరి, ఊరికి చేరి, పిల్లవాడి కాలికి చేరాలి. మొదటి మూడు అంచెలూ ప్రభుత్వం చూసుకుంటుంది. చివరిది మాస్టారి పని.

అండమాన్, నికోబార్లలో ఉన్న తెలుగువాళ్ల కోసం ఇక్కడ ఒక మాట. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. మీకు రెండున్నర గంటలు ఉండవు. భూమి చీలేది మీ కాళ్ల కిందే. అందుకే అక్కడి పిల్లలకు నేర్పవలసింది వేరు. నిలబడలేనంతగా భూమి ఊగినా, నిమిషం దాటి ఊగుతూనే ఉన్నా, అదే హెచ్చరిక. సైరను కోసం, ఫోను మెసేజీ కోసం చూడకూడదు. ఊపు ఆగగానే మెరక పట్టాలి. సుమత్రా పక్కన సిమెలూ అని ఒక దీవి ఉంది. భూకంప కేంద్రానికి బాగా దగ్గర. అల పది నిమిషాల లోపే వచ్చిపడిన చోట్లున్నాయి. దీవి జనాభా సుమారు 78 వేలు. పోయినవాళ్లు ఏడుగురు. కారణం, 1907లో అక్కడ ఇలాంటి అలే వచ్చి ఎంతోమందిని మింగింది. అప్పటి నుంచి తాతలు మనవలకు, తల్లులు ఉయ్యాలలోని బిడ్డలకు ఆ కథ పాటలు కట్టి పాడుతూ వచ్చారు. భూమి గట్టిగా ఊగితే కొండెక్కు. ఇంతే దాని సారం. దీన్ని వాళ్లు స్మాంగ్ అంటారు. మన ఉత్తరాంధ్ర తీరంలో జముకుల కథ ఉంది, బుర్రకథ ఉంది. తెలుగు మాస్టారు ఒక పది చరణాలు కట్టించి పిల్లల చేత పాడిస్తే, ఆ పాట మన భూగోళం పుస్తకం కంటే ఎక్కువ కాలం బతుకుతుంది.

ఇక పుస్తకం సంగతి. సునామీ అనగానేమి, సునామీ ఏర్పడుటకు కారణములు రాయుము. ప్రశ్న ఇలా ఉంటుంది, జవాబు కంఠతా వస్తుంది, మార్కులూ పడతాయి. ఈ పాఠం దండగని నేననను. ఎందుకంటే 2004లో ఆ ఉదయమే థాయ్‌లాండ్‌లో ఫుకెట్ దీవి మీద ఒక పాఠం సుమారు వందమందిని కాపాడింది. ఇంగ్లండు నుంచి సెలవులకు వచ్చిన టిల్లీ స్మిత్ అనే పదేళ్ల అమ్మాయి, మై ఖావ్ బీచిలో అమ్మానాన్నలతో నడుస్తోంది. సముద్రం నురగలు కక్కుతూ, పొంగుతూ వింతగా కనిపించింది. సరిగ్గా రెండు వారాల ముందు బడిలో ఆండ్రూ కియర్నీ అనే మాస్టారు సునామీ పాఠం చెప్పారు. 1946లో హవాయి దీవుల్ని కొట్టిన అల దృశ్యాలు చూపించారు. ఆ అమ్మాయికి అదే గుర్తొచ్చింది. అరిచి గోల చేసింది. తండ్రి విని కాపలా మనిషికి చెప్పాడు. బీచి ఖాళీ చేయించారు. ఆ పిల్ల గొప్పతనం పాఠం గుర్తుండటంలో కంటే, పెద్దవాళ్లు మొదట పట్టించుకోకపోయినా పట్టు వదలకపోవడంలో ఉందంటాను. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని నేర్పే మన ఇళ్లలో, బడుల్లో, ఇదొక్కటి మినహాయింపుగా పిల్లలకు చెప్పి తీరాలి.

ఈ కథ మన పిల్లలకు చెప్పేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. దాని గురించే నాకు ఎక్కువ బెంగ. థాయ్‌లాండ్ వైపు చాలాచోట్ల సముద్రం ముందు వెనక్కి తగ్గి, తర్వాత మీదికి వచ్చింది. పుస్తకాల్లో, సినిమాల్లో, ఉపన్యాసాల్లో ఆ బొమ్మే స్థిరపడింది. సునామీ వస్తే ఏం చేస్తావని తీరంలో ఏ పిల్లవాణ్ణి అడిగినా, సముద్రం వెనక్కి పోతుంది సార్, అప్పుడు పరిగెడతాను అంటాడు. కానీ 2004లో మన తూర్పు తీరానికీ శ్రీలంకకూ ముందుగా వచ్చింది పొంగే. వెనక్కి తగ్గడం ఆ తర్వాతి ముచ్చట. కారణం కష్టమైనది కాదు. చీలికకు పడమట సముద్రపు అడుగు పైకి లేచింది, తూర్పున కిందికి దిగింది. లేచిన వైపు ఉన్నవాళ్లకు నీరు పొంగి వస్తుంది, దిగిన వైపు ఉన్నవాళ్లకు ముందు లాగుతుంది. మనం పడమట ఉన్నాం. కాబట్టి సముద్రం వెనక్కి తగ్గే దాకా ఆగుదామనుకున్న మన పిల్లవాడు, సరైన పాఠం నేర్చుకుని కూడా మునిగిపోతాడు. నీరు తగ్గితే పరిగెత్తాలి, నిజమే. తగ్గకపోయినా, హెచ్చరిక వింటే పరిగెత్తాలి. నీరు ఉన్నట్టుండి వింతగా పెరిగినా, సముద్రం వైపు నుంచి ఎప్పుడూ వినని హోరు వచ్చినా పరిగెత్తాలి.

ఇంకోటి. మన తీరపు పెద్దలకు తెలిసిన ఆపద తుపాను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ అనుభవం విలువైనదే. షెల్టరుకు వెళ్లడం, పశువుల కట్లు విప్పడం, కాగితాలు మూటగట్టుకోవడం వాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. కానీ తుపాను చెప్పి వస్తుంది. రోజుల ముందు నుంచి రేడియోలో వింటాం, గాలి మారుతుంది, వాన మొదలవుతుంది. సునామీ రోజున ఆకాశం నిర్మలంగా ఉండొచ్చు, ఎండ కాయొచ్చు, గాలి మామూలుగానే ఉండొచ్చు. గాలీవానా లేకుండా సముద్రం ఎందుకొస్తుందిరా అని తాత నవ్వితే, మనవడు తాతకు చెప్పగలగాలి.

వేటకు వెళ్లే ఇళ్ల పిల్లలకైతే మరో సంగతి కూడా. లోతైన సముద్రంలో సునామీ అల ఎత్తు చాలా తక్కువ. 2004లో అల పుట్టిన రెండు గంటలకు ఉపగ్రహం కొలిస్తే, నడిసముద్రంలో 60 సెంటీమీటర్లు ఉంది. పడవ కింద నుంచి పోయినా తెలియదు. ఒడ్డు దగ్గరే అది లేచి నిలబడుతుంది. కాబట్టి నాన్న వేటలో ఉండగా హెచ్చరిక వస్తే, ఫోను తగిలితే, త్వరగా ఇంటికి రా అనకూడదు. ఒడ్డుకు రావద్దు, లోతు నీళ్లలోనే ఉండు అనాలి. పిల్లవాడి నోట ఆ మాట రావడం ఎంత కష్టమో ఊహించండి. అందుకే ముందే అలవాటు చేయాలి.

జపానులో జరిగిన రెండు సంగతులు చెబుతాను. రెండూ ఒకే రోజువి. 2011 మార్చి 11, శుక్రవారం మధ్యాహ్నం, బడి వేళ.

మొదటిది కమాయిషి పట్టణం. అక్కడ ఉనొసుమాయి అనే పేటలో ఒక ప్రాథమిక పాఠశాల, దాని పక్కనే ఒక జూనియర్ హైస్కూలు. ప్రభుత్వం గీసిన ముంపు పటంలో ఆ బడులు ముంపు గీతకు బయటే ఉన్నాయి. భూమి ఊగడం ఆగీ ఆగకముందే హైస్కూలు పిల్లలు పరుగు మొదలుపెట్టారు. పక్క బడి చిన్నపిల్లలను అప్పటికే మూడో అంతస్తుకు చేరుస్తున్నారు. అన్నలూ అక్కలూ పరిగెత్తడం చూసి వాళ్లూ దిగి వెంటపడ్డారు. పెద్దవాళ్లు చిన్నవాళ్ల చేతులు పట్టుకున్నారు. ముందే అనుకున్న చోటికి చేరారు. అక్కడ పక్కనున్న గట్టు చరియ విరిగి పడటం కనిపించింది. ఇది చాలదు అని ఇంకా పైకి వెళ్లారు. కాసేపటికి మొదట ఆగిన చోటు నీళ్లలో మునిగింది. మళ్లీ పైకి పరిగెత్తారు. దాదాపు 600 మంది పిల్లలు, అందరూ బతికారు. పట్టణం మొత్తం మీద బడి పిల్లలు సుమారు 3,000 మంది. వాళ్లలో ఐదుగురు పోయారు. ఆ ఐదుగురూ ఆ వేళ బడుల పర్యవేక్షణలో లేనివాళ్లు. పెద్దలు మాత్రం వెయ్యి మందికి పైగా పోయిన ఊరది.

లోకం దాన్ని అద్భుతం అంది. నేనైతే సాధన అంటాను. అంతకు ముందు ఏళ్ల తరబడి తొషితకా కటాదా అనే ప్రొఫెసరు ఆ ఊరి బడులతో పనిచేశారు. పిల్లలకు ఆయన చెప్పినవి మూడే. పటాన్ని నమ్మొద్దు. ఆ క్షణంలో చేయగలిగినదంతా చెయ్యి. అందరికంటే ముందు నువ్వు పరిగెత్తు. మూడోది స్వార్థంలా వినిపిస్తుంది. కానీ ఒకడు పరిగెత్తితేనే పదిమంది కదులుతారు. ఆ రోజు చిన్నపిల్లలు అలాగే బతికారు.

అదే పేటలో కొత్తగా కట్టిన రెండంతస్తుల విపత్తు కేంద్రం ఒకటి ఉంది. సునామీ వస్తే వెళ్లవలసిన చోటు అది కాదు. ఆ చోటు కొండ మీద ఉంది. కానీ ముసలివాళ్లకు కొండ దూరమని, జనం ఎక్కువ మంది వస్తారని, అభ్యాసాలు మాత్రం ఈ కేంద్రంలోనే జరిపారు. అసలు రోజున జనం అభ్యాసం చేసిన చోటికే వచ్చారు. 160 మందికి పైగా అక్కడ చనిపోయారని తర్వాతి విచారణలో అంచనా వేశారు. అభ్యాసం సులువుగా ఉండాలని చోటు మార్చితే ఏమవుతుందో ఇంతకంటే వివరంగా చెప్పలేను.

రెండోది ఇషినొమాకి దగ్గర ఒకావా ప్రాథమిక పాఠశాల. సముద్రానికి దాదాపు నాలుగు కిలోమీటర్ల లోపల, నది పక్కన ఉంది. బడి వెనకే కొండ. అంతకు ముందు పిల్లలు ఎక్కిన కొండే. భూకంపం తర్వాత పిల్లల్ని బడి ఆవరణలో నిలబెట్టారు. ఎక్కడికి వెళ్లాలన్నది తేలలేదు. బడి ప్రణాళికలో సునామీ వస్తే చేరవలసిన చోటు స్పష్టంగా లేదు, దగ్గర్లోని ఖాళీ స్థలం లేదా పార్కు అని రాసి ఉంది. దాదాపు 50 నిమిషాలు గడిచాయి. చివరికి వంతెన వైపు కదిలేసరికి నది మీదుగా నీరు వచ్చేసింది. 108 మంది పిల్లల బడి అది. 74 మంది పోయారు. ఆ వేళ అక్కడున్న 11 మంది ఉపాధ్యాయుల్లో ఒక్కరే మిగిలారు. తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. 2018లో సెండాయ్ హైకోర్టు ఇచ్చిన తీర్పును 2019లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ రోజు ఆవరణలో ఎవరు ఏమన్నారనే దాని దగ్గరే ఆ తీర్పు ఆగలేదు. ముందుగానే సరైన ప్రణాళిక రాయించే బాధ్యత బడిదీ, విద్యాధికారులదీ అంది. నది వెంట అల లోపలికి వస్తుందన్నది మన గోదావరి, కృష్ణ, పెన్నా మొగల దగ్గరున్న బడులు, ఉప్పుటేళ్ల పక్కనున్న బడులు గోడ మీద రాసుకోవలసిన విషయం.

కటాదా గారు పిల్లల్ని ఒక ప్రశ్న అడిగేవారట. సునామీ వస్తే మీ అమ్మ ఏం చేస్తుంది? నన్ను తీసుకెళ్లడానికి బడికొస్తుంది అనేవారు పిల్లలు. వస్తే ఏమవుతుంది? పిల్లలు మాట్లాడేవారు కాదు. అయితే ఇంటికెళ్లి అమ్మకు చెప్పండి, నేను తప్పకుండా పరిగెత్తుతాను, నువ్వు నాకోసం రావద్దు, నీ దారిన నువ్వు పైకి వెళ్లు అని. అమ్మ నమ్మేదాకా చెప్పండి. ఇదీ ఆయన ఇచ్చిన ఇంటిపని. ఆ తీరంలో పాతకాలం నుంచీ తెండెంకో అనే మాట ఉంది. ఎవరికి వారు పరిగెత్తడం అని. మన తల్లులకు ఇది మింగుడు పడదు. బడి దగ్గర ఏదో జరిగిందని తెలిస్తే పొయ్యి మీద గిన్నె అలాగే వదిలి వచ్చేస్తారు. తల్లి బడికి రాకూడదంటే, బడి పిల్లవాణ్ణి ఎక్కడికి తీసుకెళ్తుందో ఆమెకు ముందే తెలియాలి. ఒక్కసారైనా ఆమె ఆ దారిలో నడిచి చూసి ఉండాలి. తల్లిదండ్రుల సమావేశాల్లో మార్కుల సంగతి కాసేపు ఆపి దీనికి పావుగంట ఇవ్వండి.

ఇంకా గట్టి చిక్కు ఒకటుంది. 2004 నాటి అల ఆదివారం వచ్చింది. బడి లేదు. గంట కొట్టేవారు లేరు, వరుసలు లేవు. పిల్లలు ఇసుకలో ఆడుకుంటున్నారు. గంట మోగితేనే కదిలే అభ్యాసం ఆదివారం పనికిరాదు. కమాయిషిలోనే ఇంకో బడి, 184 మంది పిల్లలు. భూకంపం వేళకు ఆ బడి వదిలేశారు. చాలామంది ఇళ్లలో, కొందరు ఆటల్లో, కొందరు చేపలు పడుతూ ఉన్నారు. అందరూ బతికారు. ఎవరికి వారు తమ ఇంటి దగ్గర నుంచి, ఆడే చోటు నుంచి ఏ దారిన వెళ్లాలో పటాలు గీసుకుని ఉన్నారు కాబట్టి. కొందరైతే ఇంట్లో పెద్దవాళ్లను లాక్కుని వెళ్లారు. పిల్లలు తమ ఊరి పటం తామే గీయడం కంటే మంచి భూగోళం పాఠం నాకు తెలియదు.

మన తీరంలో ఆ పటం ఎలా ఉంటుంది? విశాఖ, భీమిలి వైపు కొండలున్నాయి, అదృష్టం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో కొండ అన్న మాటే లేదు. ప్రకాశం, నెల్లూరు తీరాన చాలా ఊళ్లు సముద్రానికీ బకింగ్‌హాం కాలువకూ మధ్య ఇరుక్కుని ఉన్నాయి. లోపలికి పోవాలంటే వంతెన దాటాలి. అందరూ మోటారు సైకిళ్ల మీద ఒకేసారి వంతెనెక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అలాంటి చోట వ్యవధి ఉంటే నడిచి దాటి, రెండు మూడు కిలోమీటర్లు లోపలికి పోవడం ఒక దారి. వ్యవధి లేకపోతే ఊళ్లోనే గట్టి కాంక్రీటు మేడ పైకెక్కడం రెండోది. తుపాను షెల్టర్లు స్తంభాల మీద ఎత్తుగా కట్టినవి, అవి బాగా పనికొస్తాయి. ఏది ఎప్పుడన్నది పిల్లవాడు పటం మీద వేలు పెట్టి చూపగలగాలి.

అభ్యాసం చేసేటప్పుడు గడియారం పెట్టండి. ఒకటో తరగతి పిల్లల నడకను బట్టి లెక్కించండి, పదో తరగతివాళ్ల పరుగును బట్టి కాదు. చిన్నవాడికి పెద్దవాణ్ణి జత కట్టండి. కాలు సరిగ్గా లేని పిల్లలుంటే వాళ్లను ఎవరు ఎత్తుకుంటారో పేరు పేరునా తేల్చండి. సంచులు, చెప్పులు, సైకిళ్లు వదిలేయడం నేర్పండి. సైకిలు వదలడం అన్నిటికంటే కష్టం, నేను చూశాను. ఒకసారి ఎండలో, ఒకసారి వానలో, ఒకసారి హెడ్మాస్టరు సెలవులో ఉన్న రోజున చేయండి. పైకి చేరాక కిందికి దిగే తొందర వద్దని చెప్పండి. అలలు ఒకదాని వెనక ఒకటి, పది నిమిషాల నుంచి గంట ఎడంతో వస్తాయి. మొదటిదే పెద్దది కానక్కర్లేదు. నీరు తగ్గాక చేపలు ఏరుకోవడానికి దిగినవాళ్లను రెండో అల పట్టుకుంది. అధికారులు చెప్పేదాకా గంటలు గడిచినా పైనే ఉండాలి.

పరిగెత్తాం, అల రాలేదు అన్న సందర్భాలూ వస్తాయి. 2004 డిసెంబరు 30నే మళ్లీ వస్తోందన్న హెచ్చరికతో తీరమంతా పరుగులు పెట్టింది, రాలేదు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూమి కంపించింది, మన తీరంలోనూ అదిరింది. హెచ్చరిక వచ్చింది, అల మాత్రం పెద్దగా రాలేదు. ఆ భూకంపంలో పలకలు పక్కకు జరిగాయి తప్ప సముద్రపు అడుగును పైకి ఎత్తలేదు. ఆ సంగతి తేలడానికి సమయం పడుతుంది, అప్పటిదాకా పైనే ఉండటం న్యాయం. ఊరికే పరిగెత్తించారని ఎవరైనా విసుక్కుంటే, ఆ రోజు ఎవరి గడియారం ఎంత చూపిందో అడిగి రాసుకోండి. ఉచితంగా దొరికిన అభ్యాసం అది. వాట్సాప్‌లో వచ్చే పుకార్లు వేరు. వాటిని సరిచూసుకోవడానికి జిల్లా నంబరు 1077, రాష్ట్రానికి 1070. ఈ రెండూ ప్రతి పిల్లవాడికీ నోటికి రావాలి.

మన పక్కనే ఒడిశాలో గంజాం జిల్లా వెంకటరాయపూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి అనే రెండు ఊళ్లు 2020లో సునామీకి సిద్ధంగా ఉన్న గ్రామాలుగా యునెస్కో గుర్తింపు పొందాయి. గంజాం తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారులు చాలామంది ఉన్నారు. మనవాళ్లు అక్కడ చేయగలిగినది ఇక్కడ చేయలేమా? పటం, దారి చూపే బోర్డులు, అభ్యాసం, హెచ్చరిక వినిపించే ఏర్పాటు. వీటిలో పెద్ద ఖర్చు ఏదీ లేదు.

మొదలుపెట్టడానికి ముహూర్తం కావాలంటే నవంబరు 5 ఉంది. ప్రపంచ సునామీ అవగాహన దినం. 1854లో జపానులోని హిరో గ్రామంలో, చీకట్లో దారి తెలియక కొట్టుకుపోతున్నవాళ్లకు మెరక ఎటుందో కనపడేలా హమగుచి గొర్యో అనే ఆయన వరిగడ్డి కుప్పలకు నిప్పంటించాడు. దాని గుర్తుగా ఆ తేదీ. మంట కథే అందరూ చెబుతారు. ఆయన తర్వాత సొంత డబ్బు పెట్టి, ఊరివాళ్లకే కూలి ఇచ్చి, నాలుగేళ్ల పాటు సముద్రపు కట్ట కట్టించాడు. 1946లో మళ్లీ అల వచ్చినప్పుడు ఆ కట్టే ఊరిలో ఎక్కువ భాగాన్ని కాచింది. బడిలో చెప్పేటప్పుడు ఆ రెండో సగం కూడా చెప్పండి.

నవంబరు 5న ఊరేగింపులు, ప్లకార్డులు, వ్యాసరచన పోటీలు పెట్టుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. కానీ వాటికంటే ముందు హెడ్మాస్టరు గారు ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని తుపాను షెల్టరు దాకా నడవాలి. మెట్లు సరిగ్గా ఉన్నాయా, పైన ఎంతమంది పడతారు, ధాన్యం బస్తాలో పాత వలలో నింపి ఉంచారా చూడాలి. తలుపుకు తాళం వేసి ఉంటే చెవి ఎవరి దగ్గర ఉంది, ఆయన ఊళ్లో లేనప్పుడు ఎవరిస్తారు, రెండో చెవి బడిలో ఉంచడానికి ఎవరిని అడగాలి, అన్నీ కనుక్కుని బడి నోటీసు బోర్డు మీద రాయించాలి. పక్కనే ఆ చెవి ఇచ్చేవారి ఫోను నంబరు కూడా.